ఉప్పాడ తీరం కోసం ఒక కచేరీ: వాతావరణ మార్పుకు మన సంగీతం ఎలా స్పందించగలదు?

ప్రశ్న: కాకినాడ_వయొలిన్

నమస్కారం. నేను కాకినాడలో పిల్లలకు వయొలిన్ నేర్పుతాను. ఇక్కడి ఒక చిన్న సంగీత సభలో కార్యవర్గ సభ్యుణ్ణి కూడా. వచ్చే జనవరిలో మేము జరిపే కచేరీలలో ఒకదానిని వాతావరణ మార్పుకు స్పందనగా నిర్వహించాలని ఈ మధ్యనే తీర్మానించుకున్నాం. మా ఊరి నుంచి సముద్రం వెంట ఉప్పాడ వెళ్లే రోడ్డు పెద్ద తుపాను వచ్చినప్పుడల్లా కోసుకుపోతోంది. ఒడ్డున రాళ్లు పోశారు, ఇసుక నింపిన పెద్ద గొట్టపు సంచులతో జియో ట్యూబు గోడ కట్టారు. అలలు వాటినీ చీల్చుకుని ఇళ్ల దాకా వచ్చాయి. జాందానీ చీరల వల్ల దేశమంతటా పేరు తెలిసిన ఊరు అది. నా దగ్గర నేర్చుకునే ఒక అమ్మాయికి అమ్మమ్మ ఊరు అదే. ఆ అమ్మమ్మ కాపురం చేసిన ఇల్లు ఎక్కడుండేదో చూపించాలంటే ఇప్పుడు నీళ్లలోకి వేలు చూపించవలసి వస్తుందట. ఒకరోజు పాఠం అయ్యాక ఆ పిల్ల, "మాస్టారూ, దీని గురించి మన సంగీతంలో వాయించడానికి ఏమీ లేదా?" అని అడిగింది. నాకు వెంటనే జవాబు తోచలేదు, ఇప్పటికీ పూర్తిగా తోచలేదు.

మా కార్యవర్గంలో రెండు అభిప్రాయాలు ఉన్నాయి. పెద్దలు కొందరు వానను పిలిచే రాగమని చెప్పుకునే అమృతవర్షిణిలో ఒక కీర్తన, ముత్తుస్వామి దీక్షితుల వారి పంచభూత లింగ కృతులు ఐదూ పాడిస్తే విషయానికి తగినట్టు ఉంటుందని అంటున్నారు. యువకులు వేదిక వెనుక తెర కట్టి, మునిగిన ఇళ్ల ఛాయాచిత్రాలు, ఉష్ణోగ్రతల పటాలు చూపిస్తూ పాడించాలని అంటున్నారు. జర్మనీలో ఇటలీ స్వరకర్త వివాల్డీ రచనను వాతావరణ లెక్కల ప్రకారం మార్చి వాయించారని విని, ఆ ధ్వనిముద్రణ నేనూ విన్నాను. అది నన్ను కదిలించింది. అయితే అటువంటి పని మన కీర్తనలకు చేయడానికి నాకు మనసు ఒప్పుకోవడం లేదు.

నేను తెలుసుకోగోరేది ఇది. ఎలాగూ పాడబోయే కీర్తనలకే కొత్త పేరు తగిలించడంతో ఆగిపోకుండా, కచేరీ ఈ విషయాన్ని నిజంగా తనలోకి తీసుకోగలదా? తీసుకోగలిగితే, వాగ్గేయకారుల రచనలకు భంగం కలగకుండా కచేరీ పద్ధతిలో దానికి చోటు ఎక్కడ ఉంది?


సమాధానం: హాంబుర్గ్_తెలుగు

మీరు విన్నది మా ఊరి కచేరీయే. 2019 నవంబరులో ఇక్కడి ఎల్బ్‌ఫిల్హార్మొనీ మందిరంలో ఎన్‌డీఆర్ రేడియో సంస్థ వాద్యబృందం అలన్ గిల్బర్ట్ నిర్వహణలో దానిని వాయించింది. అది మిమ్మల్ని ఎందుకు కదిలించిందో ఆలోచిస్తే మీ కచేరీకి కొంత ఉపయోగం ఉంటుందని ఈ నాలుగు మాటలు రాస్తున్నాను.

వివాల్డీ రాసిన నాలుగు ఋతువుల వయొలిన్ కన్‌చెర్టోలు (ఒక వయొలిన్ ముందుండగా వాద్యబృందం తోడుగా వాయించే రచనలు) 1725లో ఆమ్‌స్టర్‌డామ్‌లో అచ్చయ్యాయి. ఒక్కొక్క ఋతువుకు ఒక పద్యం జతగా ఉంటుంది. ఎక్కడ పక్షులు కూస్తున్నాయో, ఎక్కడ ఉరుము ఉరుముతోందో, ఎక్కడ మనిషి ఎండకు సొమ్మసిల్లుతున్నాడో స్వరలిపిలోనే గుర్తించి ఉంటుంది. హాంబుర్గ్ వారు చేసిందల్లా ఆ గుర్తులను నమ్మి, 1725 నుంచి నేటి వరకు వచ్చిన మార్పును వాటి మీద మోపడం. పక్షుల సంఖ్య తగ్గింది కనుక వసంతంలో పక్షికూతల స్వరాలు కొన్ని రాలిపోయాయి. వేసవి తన హద్దు దాటి మిగిలిన ఋతువులలోకి జొరబడింది. ఆ రచన ఇక్కడి శ్రోతలకు చిన్ననాటి నుంచి కంఠతా వచ్చినది కనుక, స్వరం రావలసిన చోట రాకపోయేసరికి చెవి తడుముకుంటుంది. ఎవరూ ఏమీ వివరించనక్కరలేదు. 2021 జనవరిలో సిడ్నీలో మొదలైన మరొక ప్రయత్నంలో ఇదే రచనను 2050 నాటి వాతావరణ అంచనాల ప్రకారం మార్చారు. ఆ తర్వాత ఏ ఊరి వాద్యబృందానికి ఆ ఊరి అంచనాలతోనే వేరు వేరు పాఠాలు తయారుచేశారు. నాకు నచ్చినది ఈ రెండో సంగతి. భూగోళం మొత్తం గురించి ఒకేసారి పాడడం ఎవరి తరమూ కాదు, ఒక ఊరి గురించి పాడవచ్చు.

ఒక విషయం ఇక్కడ చెప్పకుండా ఉండలేను. హాంబుర్గ్ కచేరీ జరిగిన ఆ నెలలోనే, నవంబరు 12 రాత్రి, వివాల్డీ పుట్టి పెరిగిన వెనిస్ నగరంలో సముద్రపు పోటు 187 సెంటీమీటర్లకు చేరింది. 1966లో వచ్చిన 194 సెంటీమీటర్ల పోటు తర్వాత అంతటిది మరొకటి లేదు. ఆ సంగతి తెలిశాక ఆ వసంతాన్ని మళ్లీ వింటే, తప్పిపోయిన పక్షికూతలతోపాటు ఆ కూతలు విన్న వీధులూ గుర్తుకు వస్తాయి.

లెక్కలను నేరుగా స్వరాలుగా మార్చే పద్ధతి గురించి మాత్రం నాకు సందేహం ఉంది. 2013లో అమెరికాలోని మిన్నెసోటా విశ్వవిద్యాలయ విద్యార్థి డేనియల్ క్రాఫర్డ్ 1880 నుంచి 2012 వరకు ఒక్కొక్క ఏడాది సగటు ఉష్ణోగ్రతకు ఒక్కొక్క స్వరం చొప్పున చెల్లో (పెద్ద వయొలిన్ వంటి వాద్యం) మీద వాయించాడు. చివరి సంవత్సరాలకు వచ్చేసరికి స్వరం తీగ చివరికంటా ఎక్కిపోతుంది. మొదటిసారి విన్నప్పుడు ఒళ్లు జలదరించింది. రెండోసారి వినబుద్ధి కాలేదు, ఎందుకంటే ఆ స్వరాలకు ఒకదానితో ఒకటి చుట్టరికం లేదు. రాగం తెలిసిన చెవికి ఆ లోటు మరీ ఎక్కువగా వినబడుతుంది. అందుకు భిన్నంగా 2016లో ఇటలీ పియానో విద్వాంసుడు లుదోవికో ఐనౌది ఉత్తర ధ్రువానికి దగ్గరలోని స్వాల్‌బార్డ్‌లో, నీటిపై తేలే వేదిక మీద కూర్చుని ఒక చిన్న రచన వాయించాడు. హిమానీనదం నుంచి మంచు విరిగిపడే చప్పుడు స్వరాల మధ్య వినబడుతుంది. రచన చాలా సరళమైనది. దానికి బలం ఇచ్చింది ఆ చోటు.

మీ యువకులు తెర మీద చూపించదలచిన లెక్కల వంటిదే ఒకటి ఇక్కడ రాస్తాను. తెర అవసరం లేకుండా మరొకరు దీనిని ఉపయోగించగలరేమో. ప్రపంచ సముద్ర మట్టం 1901 నుంచి 1971 వరకు ఏడాదికి సగటున 1.3 మిల్లీమీటర్లు, 1971 నుంచి 2006 వరకు 1.9 మిల్లీమీటర్లు, 2006 నుంచి 2018 వరకు 3.7 మిల్లీమీటర్లు చొప్పున పెరిగింది. ఐక్యరాజ్యసమితి వాతావరణ నిపుణుల సంఘం ఆరవ నివేదికలోని అంకెలు ఇవి.


సమాధానం: రాజమండ్రి_గాత్రం

మీ శిష్యురాలు అడిగిన ప్రశ్న చదివి చాలాసేపు వేరే పని చేయలేకపోయాను. నలభై ఏళ్లుగా పాడుతూ, పాఠాలు చెబుతూ ఉన్నదానిని. ఈ ప్రశ్న నన్ను ఇంతవరకు ఎవరూ అడగలేదు, నన్ను నేనూ అడుగుకోలేదు.

ముందుగా అమృతవర్షిణి సంగతి. ఎట్టయపురంలో ఎండిన నేలను చూసి ముత్తుస్వామి దీక్షితుల వారు ఆ రాగంలో అమ్మవారిని ప్రార్థించగా వాన కురిసిందన్న కథ మనందరికీ గురువుల నోట విన్నదే. ఆ కథ మీద నాకు గౌరవం ఉంది. కానీ వానను పిలవడం కరవు సీమలో పుట్టిన ప్రార్థన. సముద్రం ఇంటి మీదికి వస్తున్న ఊళ్లో, నెలరోజుల వాన ఒక్క రాత్రిలో కురిసి చేలు మునిగే డెల్టాలో, ఇంకా కురిపించమని పాడడం అక్కడ కూర్చున్నవారి కష్టాన్ని గమనించకపోవడమే అవుతుంది. పంచభూత కృతులు ఐదూ పాడించడం కూడా నాకు అంత నచ్చలేదు. ఐదు భూతాలు అనగానే విషయం ఆకాశమంత పెద్దదైపోయి ఉప్పాడ కనబడకుండా పోతుంది. పాడితే ఒక్కటి పాడించండి: వాయులింగమైన శ్రీకాళహస్తీశ్వరుని మీద హుసేని రాగంలోని కృతి. దీక్షితుల వారు (1775–1835) జీవించిన రోజులలో గాలిలో ప్రతి పది లక్షల పాళ్లకు సుమారు 280 పాళ్లు బొగ్గుపులుసు వాయువు (కార్బన్ డయాక్సైడ్) ఉండేది. నేడు అది 420 దాటింది. ఆయన ఊపిరి పీల్చి ఆ కృతి పాడిన గాలి, మనం ఊపిరి పీల్చి పాడే గాలి ఒకటి కావు. ఈ ఒక్క వాక్యం చెప్పి కృతి మొదలుపెడితే చాలు, కృతిలో అక్షరం కూడా మార్చనక్కరలేదు.

హాంబుర్గ్ నుంచి రాసినవారు చెప్పిన సూత్రం, అంటే శ్రోతకు కంఠతా వచ్చిన దానిలోనే లోటు వినబడుతుందన్నది, మనకు త్యాగరాజ స్వామి ఆసావేరి కీర్తన "సారి వెడలిన ఈ కావేరిని జూడరే"తో సరిగ్గా అతుకుతుంది. అది మన తెలుగులో ఒక నది నడకను కళ్లతో చూస్తూ రాసిన కీర్తన: ఒకచోట దూరంగా, ఒకచోట భీకరంగా గర్జిస్తూ, ఒకచోట నిండు కరుణతో నెమ్మదిగా, కోకిలలు కూస్తుండగా పంచనదీశ్వరుని చూడడానికి వెళ్తున్న కన్యగా కావేరిని చూపిస్తారు. కావేరి డెల్టాకు మేట్టూరు ఆనకట్ట నుంచి జూన్ 12న నీరు వదలడం ఆనవాయితీ; 2024లో జలాశయంలో చాలినంత నీరు లేక ఆ తేదీకి వదలలేదు. అందుకు వానలు ఒక్కటే కారణం కాదు, రాష్ట్రాల మధ్య నీటి తగాదా కూడా ఉంది. అయినా ఆ సంగతి తెలిసినవారు "చూడరే" అన్న పిలుపును విన్నప్పుడు చూడడానికి అక్కడ ఏముందన్న ఆలోచన రాకుండా ఉండదు. ఈ కీర్తనను ఎప్పటిలాగే, ఏ వ్యాఖ్యానమూ లేకుండా, కొంచెం విలంబంగా, అంటే నెమ్మదిగా, పాడించండి.

ఇక కొత్తదానికి చోటు ఎక్కడ అన్న మీ అసలు ప్రశ్న. మన పెద్దలు ఆ చోటు ఎప్పుడో కట్టి ఉంచారు: రాగం తానం పల్లవి. పల్లవి ఒకే ఒక్క పంక్తి. పాడేవారు స్వయంగా కూర్చుకోవడం అందులో తప్పు కాదు సరికదా, అదే సంప్రదాయం. కీర్తనను తాకకుండా ఈనాటి మాటను ఈనాటి మనిషి అక్కడ చెప్పవచ్చు. "దరి" అన్న మాట చుట్టూ ఆలోచించండి. మన కీర్తనలలో సముద్రం ఎప్పుడూ భవసాగరమే, దరి ఎప్పుడూ మోక్షమే. "దరి చేర్చవే" అని వేల సార్లు పాడి ఉంటాం, అప్పుడు మన కళ్లముందు నిజమైన సముద్రం ఏనాడూ లేదు. ఉప్పాడలో దరి అంటే నిజంగానే ఒడ్డు, ఆ ఒడ్డు ఏటేటా వెనక్కి జరుగుతోంది. "దరి ఏదమ్మా కడలీ, మా దరి ఏదమ్మా" అని ఒక పంక్తి నాకు తోచింది. దీనిని కాంభోజి రాగంలో పాడమంటాను. శుభపంతువరాళి అందరికీ ముందుగా స్ఫురిస్తుంది, కానీ అది మొదటి స్వరంలోనే ఏడ్చేస్తుంది, తర్వాత శ్రోతకు చేయడానికి ఏమీ మిగలదు. కాంభోజికి సముద్రమంత విశాలం ఉంది, దానిలో ఊరి పాటల నెత్తురు కూడా ఉంది.

పాడేవారు అప్పటికప్పుడు అల్లే కల్పనస్వరాలలో గోపుచ్ఛ యతిని వాడవచ్చు. ఆవు తోకలా మొదట వెడల్పుగా ఉండి క్రమంగా సన్నబడే అల్లిక అది. ఒక్కొక్క ఆవర్తనానికి (తాళం ఒక చుట్టుకు) ఒక్కొక్క స్వరం తగ్గిస్తూ వస్తే, తరిగిపోయే ఒడ్డును బొమ్మ లేకుండా చెవికి చూపించినట్టే. దాని వెంటనే మృదంగం ఏరు పెరిగినట్టు పెరిగే స్రోతోవహ యతిలో జవాబు ఇస్తే, ఇటు నేల తగ్గడం అటు నీరు పెరగడం రెండూ వినబడతాయి. దీక్షితుల వారు ఆనందభైరవిలో "త్యాగరాజ యోగవైభవం" కృతిలో ఈ రెండు యతులనూ సాహిత్యంలోనే అల్లారు కనుక, మనం కొత్తగా కనిపెట్టినది ఏమీ లేదు.

కచేరీ కాక రూపకం వేసే ఆలోచన ఉంటే త్యాగరాజ స్వామి నౌకా చరిత్రం ఉంది. గోపికలు తమ గొప్పతనం వల్లనే ఓడ నడుస్తోందని గర్వించడం, గాలివాన రావడం, ఓడకు చిల్లి పడడం, చివరకు కృష్ణుని శరణు వేడడం. ఈ కాలానికి ఇంతకంటే తగిన కథ కనబడదు. దీని గురించి కూడా ఆలోచించండి.


సమాధానం: లయ_విన్యాసం

నేను మృదంగ కళాకారుణ్ణి. సమావేశాలలో వాతావరణ మార్పు గురించి మాట్లాడేవారిలో నాకు తెలిసిన వాద్యకారులు ఎవరూ లేరు, కానీ ఆ మార్పును చేతితో తాకేది మేమే. తడిగాలికి చర్మం వదులై శ్రుతి దిగుతుంది. పొడి వేడికి బిగిసి ఎక్కుతుంది. శ్రీరామనవమి పందిళ్లలో తొమ్మిది రోజులు వరసగా కచేరీలు జరిగే ఊళ్లు మనకు ఎన్నో ఉండేవి. వడపప్పు, పానకం పంచిపెట్టి, విసనకర్రలు చేతికిచ్చి, సాయంత్రం ఆరు గంటలకు వేదిక మీద కూర్చోబెట్టేవారు. ఇప్పుడు ఆరు గంటలకు ఆ పందిట్లో కూర్చునే ఓపిక అటు శ్రోతలకూ లేదు, ఇటు వాద్యానికీ లేదు. ఏసీ మందిరాల్లోకి మారాం. బయట ఉక్క, లోపల పొడి చలి. లోపలికి వచ్చిన అరగంటలో రెండుసార్లు రాయి పట్టుకుని శ్రుతి చేసుకోవలసి వస్తుంది. ఈ పందిరి పోవడం కూడా మన సంగీతానికి జరిగిన నష్టమేనని, దానిని ఎవరూ లెక్కలో రాయలేదని నాకు బాధగా ఉంది.

ఇక హాంబుర్గ్ వారు ఇచ్చిన అంకెలు. 1.3, 1.9, 3.7. వీటిని చూసిన వెంటనే నాకు నిద్ర పట్టలేదు, కారణం చెబుతాను. మొదటి దానిని ఒకటిగా తీసుకుంటే రెండోది సుమారు ఒకటిన్నర, మూడోది సుమారు మూడు. పల్లవిని చతురశ్రంలో (దెబ్బకు నాలుగు అక్షరాలు) పాడి, తిస్రంలో (దెబ్బకు ఆరు) పాడి, ఆ తిస్రాన్ని రెట్టించి పాడితే వచ్చే వేగాలు సరిగ్గా ఇవే: ఒకటి, ఒకటిన్నర, మూడు. సముద్రం ఆ నూటపదిహేడేళ్లలో పెరిగిన తీరు, మన పల్లవి కాలాలు మారే తీరు ఒకే లెక్కలో పడ్డాయి. ఇది కాకతాళీయమని నాకు తెలుసు. అంకెలు దగ్గరదగ్గరగా మాత్రమే కలుస్తాయని కూడా తెలుసు. అయినా కంప్యూటరు లేకుండా, రాగానికి గీత పడకుండా, ఉన్న సంప్రదాయంలోనే ఆ లెక్కను పాడి వినిపించవచ్చు. తాళం వేసే చెయ్యి మాత్రం ఆ మూడు కాలాలలోనూ ఒకే వేగంతో పడుతుంది. మన ఆయుష్షు ఆ చెయ్యి. దాని మీద పంక్తి వేగం పెరుగుతూ పోతుంది. పల్లవి మొదలుపెట్టే ముందు గాయకులు ఆ మూడు అంకెలను, ఆ సంవత్సరాలను చెప్పి, ఇక మాట్లాడకుండా పాడాలి.

తెర కట్టవద్దని నా మనవి. కళ్లకు పని ఇస్తే లయ వినబడదు.

ప్రయాణాల సంగతి కూడా ఒక్క మాట. స్వీడన్‌లో హెల్సింగ్‌బోరి నగర సంగీత మందిరం వారు విమానంలో వచ్చే కళాకారులను పిలవకూడదని నియమం పెట్టుకున్నారు. వందమంది వాద్యకారులు ఖండాలు దాటి తిరిగే సంగీతానికి అది పెద్ద నిర్ణయం. మన కచేరీకి నలుగురం చాలు, రాత్రి రైలెక్కితే తెల్లారేసరికి దిగుతాం. ఈ విషయంలో మన పద్ధతి మొదటి నుంచీ తేలికైనది. మీరు కళాకారులను పిలిచేటప్పుడు రైలు అందేంత దూరంలో ఉన్నవారినే పిలవండి.


సమాధానం: ఉప్పాడ_ఒడ్డు

మాది ఉప్పాడ. మా నాన్నగారు చేపల వేటకు వెళ్లేవారు. నేను చదువుకుని బడిలో పాఠాలు చెబుతున్నాను. నాకు కర్ణాటక సంగీతం అంతగా తెలియదు, కానీ ఇక్కడ మాట్లాడుతున్నది మా ఊరి గురించి కనుక నాలుగు మాటలు రాయడానికి చనువు తీసుకుంటున్నాను.

మొదటిది, నౌకా చరిత్రం వద్దండి. గర్వించినవారి ఓడకు చిల్లి పడిందన్న కథ భక్తిలో అందంగానే ఉంటుంది. కానీ దానిని మా ఒడ్డు మీద వేస్తే, ఇళ్లు పోగొట్టుకున్నవాళ్లే ఏదో తప్పు చేశారన్నట్టు వినబడుతుంది. తెరచాప పడవల మీద బతికిన మా తాతలు ఈ గాలిని మార్చలేదు. రాజమండ్రి అమ్మగారు ఆ ఉద్దేశంతో రాయలేదని నాకు తెలుసు, అయినా చూసేవాళ్లకు అలాగే తోస్తుంది.

రెండోది, మా ఒడ్డు కోతకు వాతావరణ మార్పు ఒక్కటే కారణమని వేదిక మీద చెప్పకండి. ఆనకట్టల వెనుక గోదావరి ఇసుక ఆగిపోవడం, రేవు కోసం కట్టిన కట్టడాలు, కాకినాడ తీరం ముందున్న హోప్ ఐలాండ్ ఇసుకతిన్నె పెరుగుతూ అలల దారిని మార్చడం, ఇవన్నీ కలిశాయి. వాటి మీద సముద్ర మట్టం, తుపానులు తోడయ్యాయి. కోనసీమలో రాజోలు వైపు శంకరగుప్తం డ్రెయిన్ వెంట ఉప్పునీరు ఎగదన్ని కొబ్బరితోటలు మోడులైపోయిన చోట కూడా ఇలాగే రెండు మూడు కారణాలు కలిసి ఉన్నాయి. సగం నిజం చెబితే, మా వాళ్లలో తెలిసినవాడు ఒక్కడు లేచి అడిగినా మీ కచేరీ అంతటితో అయిపోతుంది.

మూడోది, కచేరీ కాకినాడలో పెడతారా, ఉప్పాడలో పెడతారా? చెన్నైలో ఊరూరు ఆల్కాట్ కుప్పం అనే పల్లెకారుల పేటలో 2015 నుంచి కొన్నేళ్లు శాస్త్రీయ సంగీతం, నాట్యం అక్కడివాళ్ల మధ్యనే జరిగాయి, టి.ఎం. కృష్ణ గారు అందులో ముందున్నారు. ఆయనే 2017లో ఎన్నూరు కాలువలో విద్యుత్ కేంద్రాల బూడిద పేరుకుపోవడం గురించి, వాడుక తమిళంలో రాసిన పోరంబోకు పాటను అక్కడే నిలబడి పాడారు. పోరంబోకు అంటే తెలుగులోనూ తిట్టే. రెవెన్యూ లెక్కల్లో మాత్రం అది అందరికీ చెందిన నేల. సముద్రపుటొడ్డు అటువంటిదే. ఆ పాట నాకు తమిళం రాకపోయినా అర్థమైంది.

జనవరిలో పెడితే మావాళ్లు రారు, అప్పుడు వేట ఉంటుంది. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు తూర్పు తీరమంతా మోటారు పడవలకు వేట నిషేధం. పడవలన్నీ ఒడ్డునే ఉంటాయి, మనుషులు ఇళ్లలోనే ఉంటారు. ఆ రోజులలో, ఎండ బాగా తగ్గాక, రాత్రి ఎనిమిదికి మొదలుపెట్టండి. పున్నమి, అమావాస్య పోట్లు చూసుకుని వాటికి దూరంగా తేదీ పెట్టండి. మొదట మా పెద్దవాళ్లను వల లాగే పాటలు పాడనివ్వండి. ఇప్పుడు మోటార్లు వచ్చి హైలెస్సా పాటలు నోటికి వచ్చినవాళ్లు తక్కువైపోయారు. వాళ్లు పాడాక మీరు పాడితే, మా సముద్రం గురించి మేమూ మీరూ మాట్లాడుకున్నట్టు ఉంటుంది.

చివరిగా ఆ పల్లవి. మాట బాగుంది, కానీ మేము కడలి అనం. పడవ నీళ్లలోకి తోసే ముందు దండం పెట్టేది గంగమ్మకు. తిట్టినా మొక్కినా గంగమ్మే.


సమాధానం: రాజమండ్రి_గాత్రం

ఉప్పాడ మాస్టారు చెప్పింది నిజం. నౌకా చరిత్రం మాటను వెనక్కి తీసుకుంటున్నాను. ఆ కథను ఆ ఒడ్డున కూర్చుని వినేవారి వైపు నుంచి నేను ఆలోచించలేదు.

పల్లవిని ఇలా మార్చాను: "దరి ఏదమ్మా గంగమ్మా, నిను నమ్మిన మా దరి ఏదమ్మా." అరుది, అంటే పంక్తి మధ్యలో ఆగే చోటు, "గంగమ్మా" దగ్గర పడుతుంది. అమ్మను నిలదీస్తూనే అమ్మనే నమ్ముకోవడం మన సాహిత్యానికి కొత్త కాదు. నిందాస్తుతిలో త్యాగరాజ స్వామి, రామదాసు ఇద్దరూ అలా మాట్లాడినవారే. "కడలీ" అన్నప్పుడు నేను ఒడ్డున నిలబడి చూస్తున్నదానిలా ఉన్నాను. ఈ మాటతో పంక్తికి ఒక ఇంటి గొంతు వచ్చింది.


సమాధానం: కాకినాడ_వయొలిన్

అందరికీ నమస్కారాలు. నిన్న సాయంత్రం ఈ సమాధానాలన్నీ కార్యవర్గ సమావేశంలో చదివి వినిపించాను. తేదీ మార్చడానికి మొదట కొందరు ఒప్పుకోలేదు, జనవరి కచేరీలకు విరాళాలు ఎక్కువ వస్తాయి కనుక. చివరకు ఏప్రిల్ నెలాఖరులో, పోట్లు చూసుకుని, ఉప్పాడలోనే జరపడానికి అంగీకరించారు. తెర ఉండదు. కచేరీలో వల లాగే పాటలు మొదట, తర్వాత హుసేని, ఆసావేరి, కాంభోజి పల్లవి, మంగళం. రెండు గంటలకు మించదు. ఒడ్డు కోతకు గల కారణాలను ఉప్పాడ మాస్టారు రాసిన క్రమంలోనే ఐదు నిమిషాలు చెప్పించాలని, దానిని కూడా ఆయన చేతనే చెప్పించాలని అనుకుంటున్నాం. వారు కాదనరని ఆశిస్తున్నాను.

నా శిష్యురాలికి ఈ పల్లవి రాసి ఇచ్చాను. వాళ్ల అమ్మమ్మగారికి వల పాటలు రెండు వచ్చునట. మొన్నటి దాకా ఇంట్లో ఎవరూ అడగలేదట.

లయ_విన్యాసం గారికి ఒక సందేహం. పల్లవిని ఆదితాళం రెండు కళలలో (ఒక్కొక్క దెబ్బను రెండేసిగా సాగదీసి) పెట్టాలనుకుంటున్నాం. ఎత్తుగడ (పంక్తి మొదలు) సమంలో, అంటే తాళం మొదటి దెబ్బ మీదే, ఉండాలా, సమం దాటాక ఉంటే బాగుంటుందా? ఒడ్డున కూర్చునే శ్రోతలలో తాళం తెలిసినవారు తక్కువ. కాలం మారినట్టు వారికి స్పష్టంగా తెలియాలి.


సమాధానం: లయ_విన్యాసం

సమంలోనే పెట్టండి. తిస్రంలో పల్లవి రెండు ఆవర్తనాలకు మూడుసార్లు తిరుగుతుంది. దానిని రెట్టించినప్పుడు ఒక్క ఆవర్తనంలోనే మూడుసార్లు తిరిగి సమానికి చేరుతుంది. ఎత్తుగడ సమంలో ఉంటే "దరి" అన్న మాట ప్రతి కాలంలోనూ చేతి దెబ్బతో కలిసి మొదలై, మళ్లీ ఆ దెబ్బకే వచ్చి చేరుతుంది కనుక, తాళం తెలియనివారికి కూడా ఆ మాట దగ్గరదగ్గరగా వస్తున్నట్టు వినబడుతుంది. మూడో కాలంలో మాటలు నలిగిపోకుండా చూడడం గాయకుల బాధ్యత. అందుకని మొదటి కాలాన్ని బాగా విలంబంలో ఎత్తుకోవాలి, లేకపోతే చివరకు అక్షరాలు పలకవు.

నేను ఒకరోజు ముందే వస్తాను. సముద్రపు గాలికి చర్మం ఎంత దిగుతుందో ఆ రాత్రి అదే వేళకు అక్కడ కూర్చుని చూసుకోవాలి. శ్రుతి మరీ దిగిపోతే గాయకులను అర శ్రుతి తగ్గించి పాడమని అడగవలసి వస్తుంది. ఆ సంగతి వారికి ఇప్పుడే చెప్పి ఉంచండి.